చెవికి పుట్టినరోజు



“తండ్రికిని మాటలు ఆలస్యముగనే వచ్చినవి, వీనికిని వచ్చునులే” అని మన పెద్దలు ధైర్యము చెప్పుట కద్దు. ఆ ధైర్యమే కొందరు బిడ్డలకు చేటగుచున్నది. మాట రానిచో మనము నాలుకను శంకింతుము గాని, చెవిని శంకింపము.

అభిమన్యుడు తల్లి గర్భమునందుండియే పద్మవ్యూహమును వినెనని చెప్పుకొందుము గదా. నిజముగనే శిశువు పుట్టుటకు కొన్ని నెలల ముందునుండియు తల్లి కంఠమును వినును. పుట్టుచెవుడు గల బిడ్డకు ఆ నెలలు అప్పుడే నష్టము. కావున పుట్టిన నెలలోపలనే వినికిడి పరీక్ష చేయింపవలెను. నిదురించు బిడ్డకే, నొప్పి లేకుండ చేయుదురు.

లోపలి చెవిలో నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా యను భాగము గలదు. అందలి సూక్ష్మకణములు శబ్దమును నాడికి అందించును. అవి మిక్కిలి చెడినచో, ధ్వనిని పెంచు సాధారణ యంత్రము వలన ఫలము స్వల్పము. అట్టి బిడ్డలకే కాక్లియర్ ఇంప్లాంటు. చెవివెనుక ధరించు యంత్రము ధ్వనిని గ్రహించి చర్మము క్రింది భాగమునకు పంపును. అచటినుండి కాక్లియాలోనికి చొప్పించిన సన్నని తీగ నాడిని విద్యుత్తుతో మేల్కొల్పును. ఆ తీగను అన్ని వంకరలలోనికి పంపుట యెట్లని చింతించుచు, ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్ 1977లో సముద్రతీరమున ఒక గుల్లలోనికి గడ్డిపోచను దూర్చి చూచెను. కొన మెత్తగను మొదలు బిరుసుగను ఉండుటచే అది చక్కగా చుట్టుకొనిపోయెను! మరుసటియేడే మెల్‌బోర్న్‌లో ఆయన తన మొదటి శస్త్రచికిత్స చేసెను.

భాష నేర్చు శక్తి తొలియేండ్లలోనే మెండు. ఏడాదికి శస్త్రచికిత్స జరిగిన బిడ్డకును, ఆరేండ్లకు జరిగిన బిడ్డకును పలుకులో భేదము తెలియును.

శస్త్రచికిత్స కొన్ని గంటల పని. కొన్ని వారములకు యంత్రమును పలికింతురు. ఆనాడే “అమ్మా” యనునని ఆశపడకుడు. బెదరి యేడ్చుటయు గలదు. మూడేండ్ల బిడ్డయైనను చెవికి అదియే పుట్టినరోజు. అటుపిమ్మట బరువంతయు ఇంటిదే. శిక్షకురాలు వారమున కొకటి రెండు గంటలు చెప్పును. తక్కిన వేళ చిక్కుడుకాయలు వలుచుచు, నీళ్లు పోయుచు, ప్రతి వస్తువును పేరుపెట్టి పలుకవలసినది మనమే. టెలివిజను కట్టివేసి, వెనుకనుండి పేరున పిలిచి తిరుగునో లేదో చూడవలెను. ఇది నెలల పని కాదు, ఏండ్ల పని.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన ఈ చికిత్స పేదయిండ్లకును అందినది. అయినను పైయంత్రపు తీగలు తెగును, బ్యాటరీలు అరుగును. ఆ ఖర్చును ముందే లెక్కించుకొనుడు. యంత్రము మూలపడినచో బిడ్డకు మరల నిశ్శబ్దమే.

సైగలను పూర్తిగా మాన్పింపవలెనను మాట మాత్రము నాకు నచ్చదు. రాత్రి యంత్రము తీసి పరుండబెట్టిన పిదప ఆ బిడ్డకు దాహమైనచో ఏమని చెప్పును?