గులకరాళ్ల వీడియో, తొందర చిప్

తొలకరి పడితే చాలు, వజ్రకరూరు చేలల్లో తలలు వంచుకుని నడిచే జనమే. వజ్రాల వేట! వాళ్ల వెనకే ఫోన్లతో మన యూట్యూబ్ సోదరులు. ఇవాళ తీసింది ఇవాళే ఎక్కించాలి. పాత ల్యాప్‌టాప్ మొరాయించేది అక్కడే. ఫోర్‌కే వీడియోను ఫుల్ హెచ్‌డీకి మార్చమంటే ఫ్యాన్ రొదే తప్ప పని కదలదు. ఈలోగా కరెంటు పోతే?

ఆ బరువంతా ప్రాసెసర్ నెత్తిన వేయక్కర్లేదు. ఈ పనికోసమే ఇంటెల్ 2011 నుంచి క్విక్‌సింక్, ఎన్‌విడియా 2012 నుంచి ఎన్‌వెంక్ పేరుతో చిప్‌లో విడిగా ఒక భాగం పెడుతున్నాయి. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో ట్యాబ్‌కెళ్లి, ఎన్‌కోడర్ దగ్గర వాటిలో మీకున్నది ఎంచుకోండి. కనిపించలేదా? ముందు డ్రైవర్ అప్‌డేట్ చేయండి. (పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్సే ఉండదు, క్విక్‌సింక్ కోసం వెతక్కండి.)

ఒక మెలిక ఉంది. ఈ చిప్ భాగానికి తొందరెక్కువ. ఎక్స్264 లాంటి సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్‌ని నిదానంగా నడిపిస్తే ఒక్కో ఫ్రేమును ఎన్నో రకాలుగా కుదించి చూస్తుంది. ఇదేమో కొన్ని చూసి సరిపెట్టేస్తుంది. అందుకే అదే సైజు ఫైల్లో కాస్త మసక. కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలో పెద్దగా తెలియదు గానీ, గులకరాళ్ల నేలమీద కెమెరా కదిలిందా, రాళ్లన్నీ ముద్దే! మెరిసే రాయి కోసం వచ్చినవాడికి బురద చూపిస్తామా?

బిట్‌రేట్ పెంచండి. యూట్యూబ్ ఎలాగూ మళ్లీ కుదిస్తుంది, మనమిచ్చేది శుభ్రంగా ఉండాలి. ఫైలు పెరుగుతుంది, నిజమే. సిగ్నల్ రెండు గీతలే ఉన్నచోట మిగిలిన టైమంతా అప్‌లోడే మింగేస్తుంది. అలాంటప్పుడు ముందు ఒక్క నిమిషం ముక్క మార్చి, ఎక్కించి చూసుకోండి.