లెక్కకు రానివారు

హైదరాబాదు నగరమును గూర్చి ప్రసంగించువారెవరైనను గంగా-జమునా తహజీబును ప్రస్తావించక మానరు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు ఒకే బజారులో వినిపించిన నగరమిది. ఈ నగరమునకు పడమటి వైపున, బండరాళ్ళ గుట్టల నడుమ, గడచిన పాతికేండ్లలో మరొక నగరము వెలసినది. దానికి హైటెక్ సిటీయని పేరు. దాని చుట్టునున్న ప్రాంతమును సైబరాబాదు అనుచున్నాము. ఆ క్రొత్త నగరములో పాతబస్తీ బిడ్డలకును, మన పల్లెల బిడ్డలకును దక్కిన స్థానమెంత? మన వంటి కళాశాలలో చదువుకొను ప్రతి విద్యార్థియు, దానిని నడుపు ప్రతి పెద్దయు ఆలోచింపదగిన ప్రశ్న ఇది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. ఆ సంవత్సరముననే మైక్రోసాఫ్ట్ సంస్థ తన అభివృద్ధి కేంద్రమును ఈ నగరములో నెలకొల్పినది. ఆ 1998 సంవత్సరములోనే, జనవరి మాసమున, పార్లమెంటు చట్టము ననుసరించి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఏర్పడినది. దాని ప్రాంగణము గచ్చిబౌలిలోనే కలదు. ఒకే యేట పుట్టిన ఈ రెండును నేడు ఇరుగుపొరుగు. అయినను ఉర్దూలో చదువుకొన్నవారు ఎందరు ఆ అద్దాల మేడలలో కొలువు తీరినారని అడిగినచో, కంపెనీలు ప్రకటించు లెక్కలలో సమాధానము దొరకదు. తెలుగు మాధ్యమములో చదివి జిల్లాలనుండి వచ్చినవారు ఎందరని అడిగినను అంతే. లెక్కింపబడని వారు లెక్కకు రానివారగుచున్నారు. నేను చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

కంపెనీలు ఈ విషయమున మౌనముగా ఉన్నవని అనలేము. డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అను రెండు మాటలు నేడు పెద్ద కంపెనీల నివేదికలలో తరచుగా కనిపించుచున్నవి. పనివారిలో అన్ని వర్గములవారు ఉండుట మొదటి మాటకు అర్థము. ఉన్నవారందరును సమాన గౌరవముతో మెలగగలుగుట రెండవ మాటకు అర్థము. స్త్రీల విషయమునను, వికలాంగుల విషయమునను ఈ మాటలు కొంతవరకు కార్యరూపము దాల్చినవి. అందుకు చట్టము తోడ్పడినది. పనిచేయు చోట లైంగిక వేధింపులపై విచారించుటకు కమిటీ ఉండవలెనని 2013 నాటి చట్టము శాసించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రైవేటు సంస్థలు సహితము సమానావకాశ విధానమును ప్రకటింపవలెనన్నది. 2017 నాటి సవరణ ప్రసూతి సెలవును 26 వారములకు పెంచి, 50 మందియో అంతకు మించియో పనిచేయు సంస్థలలో శిశు సంరక్షణ కేంద్రమును తప్పనిసరి చేసినది. వీటికి తోడు, స్టాక్ మార్కెట్టులోని మొదటి 1000 కంపెనీలు తమ ఉద్యోగులలో స్త్రీలెందరో, వికలాంగులెందరో అంకెలతో ప్రకటింపవలెనని 2022-23 సంవత్సరము నుండి సెబీ నిర్బంధించినది. అంకె బయటపడిన చోట సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. సంజాయిషీ చెప్పవలసిన చోట ప్రయత్నము మొదలగును.

కాని ఆ పట్టికలో మతమునకు గాని, కులమునకు గాని, చదివిన మాధ్యమమునకు గాని గడి లేదు. మన రాజ్యాంగములోని 15, 16 అధికరణములు వివక్షను నిషేధించినవన్న మాట నిజమే. ఉద్యోగముల విషయమున అవి బంధించునది ప్రభుత్వమును. సామాజికముగా వెనుకబడిన ముస్లిం వర్గములకు 2007 చట్టము ద్వారా లభించిన 4 శాతము రిజర్వేషను కళాశాల సీట్లకును, ప్రభుత్వోద్యోగములకును వర్తించును. ప్రైవేటు కంపెనీ గేటు వద్ద అది ఆగిపోవును. 2011 జనాభా లెక్కల ప్రకారము హైదరాబాదు జిల్లాలో 43 శాతమునకు పైగా ముస్లింలు. ఆ జనమునకు సైబరాబాదులో దక్కిన పాలు ఎంతయో తెలుపు బాధ్యత ఎవరిపైనను లేదు.

ప్రభుత్వ శాఖలలో పరిస్థితి వేరు. అచట రికార్డులు ఉన్నందువలననే 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ, జనాభాలో 13 శాతమునకు పైగా ఉన్న ముస్లింలు ఐ.ఏ.ఎస్.లో 3 శాతము, ఐ.పి.ఎస్.లో 4 శాతము మాత్రమే ఉన్నారని చెప్పగలిగినది. ఆ అంకెలు వెలువడిన పిదపనే దేశము ఆ విషయమును చర్చించినది.

ప్రైవేటు కంపెనీల విషయమున మనకున్నవి కొన్ని పరిశోధనలు మాత్రమే. ఆచార్య సుఖదేవ్ థోరట్, ఆచార్య పాల్ ఆటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనములో, సమాన అర్హతలు గల దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు పంపి చూచినారు. అగ్రకుల హిందువు పేరుతో పోల్చగా దళితుని పేరునకు పిలుపు వచ్చు అవకాశము మూడింట రెండు వంతులు. ముస్లిం పేరునకు మూడింట ఒక వంతు. అయితే, తరువాతి కాలమున నోబెల్ బహుమతి పొందిన శ్రీ అభిజిత్ బెనర్జీ తన సహచరులతో కలసి 2009లో ప్రచురించిన మరొక అధ్యయనము వేరు మాట చెప్పినది. ఢిల్లీ పరిసరములలోని 371 ఉద్యోగములకు 3160 దరఖాస్తులు పంపగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగములలో దళిత, గిరిజన, వెనుకబడిన కులముల పేర్లపై వివక్ష కనబడలేదు. ముస్లిం పేర్లపైనను కనబడలేదు. కాల్ సెంటర్లలో మాత్రము వెనుకబడిన కులముల పేర్లకు పిలుపులు తగ్గినవి.

ఈ రెండింటిలో మనకు నచ్చినదానిని మాత్రమే పట్టుకొనుట న్యాయము కాదు. ఉద్యోగము రాని ప్రతిసారి నా పేరే కారణమని విద్యార్థి అనుకొనరాదు. ప్రతిభ యొక్కటే చూచుచున్నామని కంపెనీలు చెప్పు మాటను పరీక్షింపక నమ్మనూరాదు. ఆ రెండవ అధ్యయనములో పోల్చినవి సమానమైన దరఖాస్తులు. అట్టి దరఖాస్తును చేతపట్టుకొను స్థితికి ఎందరు చేరగలుగుచున్నారన్నది దానికంటె ముందటి ప్రశ్న.

ఆ ముందటి దారిలో ఎన్ని గేట్లున్నవో చూడుడు. కంపెనీలు నేరుగా వచ్చి ఉద్యోగులను ఎంపిక చేసికొను కళాశాలలు కొన్ని. అవి రాని కళాశాలలు అనేకము. పదవ తరగతి మొదలు అన్ని పరీక్షలలోను 60 శాతము మార్కులుండవలెనని పలు కంపెనీలు నియమము పెట్టినవి. పదవ తరగతి నాటికి ఇంటి కష్టము వలన వెనుకబడి, డిగ్రీలో తేరుకొన్న విద్యార్థి ఈ నియమము వలన మొదటనే తొలగిపోవును. ఆంగ్లములో తడబడినవాని ఆలోచన కూడ తడబడినదని ఇంటర్వ్యూ చేయువారు పొరపడుదురు. 1918లో ఉర్దూ మాధ్యమముగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో వైద్యము, ఇంజనీరింగు కూడ ఆ భాషలోనే బోధింపబడినవి. ఏ భాషలో చదివినను బుద్ధి కుంటుపడదని చెప్పుటకు వేరొక సాక్ష్యము అవసరము లేదు. కొరవడినది అలవాటు మాత్రమే, దానిని నేర్పవచ్చును.

ఇక సిఫారసు గేటు ఒకటి కలదు. పనిచేయుచున్నవారు తమకు తెలిసిన వారి పేర్లను సూచించుట, ఆ పేర్లను కంపెనీలు ముందుగా పరిశీలించుట ఈ పరిశ్రమలో వాడుక. ఇందులో ద్వేషమేమియు లేదు. కాని తమ మహల్లాలో గాని, తమ ఊరిలో గాని లోపల ఉన్నవాడు ఒక్కడును లేనివారికి ఆ గేటు తెరచుకొనదు. లోపలివారు లోపలివారినే పిలుచుకొందురు.

దూరము మరొకటి. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి మెట్రో రైలు 2019 మార్చిలో వచ్చినది. పాతబస్తీ మెట్రో మార్గమునకు ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన జరిగినది 2024 మార్చిలో. ఫలక్‌నుమా నుండి ఎం.ఎం.టి.ఎస్. రైలు ఉన్నను అది సికింద్రాబాదు చుట్టి పోవును. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరవలసిన ఆడపిల్ల విషయమున ఈ దూరము తల్లిదండ్రుల మనస్సులో రెట్టింపగును. అమ్మాయి మానివేసినదని అందరును అందురు; ఆమెను మాన్పించిన కారణమును ఎవ్వరును వ్రాసిపెట్టుకొనరు.

ప్రతిభ ఎచటనైన పుట్టును. పెరుగుటకు మాత్రము నీరు కావలెను. 1923లో జాగీర్దారుల పిల్లల కొరకు బేగంపేటలో స్థాపింపబడిన విద్యాలయమే నేటి హైదరాబాద్ పబ్లిక్ స్కూలు. 2007లో అడోబీ సంస్థకు అధిపతి యైన శ్రీ శంతను నారాయణ్, 2014లో మైక్రోసాఫ్ట్‌కు అధిపతి యైన శ్రీ సత్య నాదెళ్ళ ఇరువురును అచట చదివినవారే. వారి ప్రతిభ గొప్పది. అందు సందేహము లేదు. నాటి ఆ అవకాశము శాలిబండలోని బడికి గాని, నల్లగొండ జిల్లాలోని పాఠశాలకు గాని కలిగియుండినచో ఏమగునో ఊహించుడు.

కంపెనీలలో మత, కుల వివరములు అడిగినచో విభేదములు పెరుగునని కొందరు అందురు. ఈ అభ్యంతరమును తేలికగా కొట్టివేయరాదు. అందుచేత ఎవరి పేరును బయటపెట్టకుండ, ఇష్టపడినవారే చెప్పునట్లు, మొత్తముల అంకెలు మాత్రమే ప్రకటించునట్లు ఏర్పాటుండవలెను. లెక్కించుట రిజర్వేషను కాదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో ఇంటింటికి పోయి సామాజిక, ఆర్థిక, కుల వివరములను సేకరించినది. ఇండ్లలో అడిగిన ప్రశ్నను కార్యాలయములలో అడుగుట అసాధ్యమేమియు కాదు. అమెరికాలో 1960 దశకము నుండియే పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల జాతి వివరములను ప్రభుత్వమునకు ఇచ్చుచున్నవి. గూగుల్ సంస్థ 2014లో తన అంకెలను ప్రజల ముందుంచినది. 2025లో ఆ దేశమున కొన్ని కంపెనీలు ఈ ప్రయత్నముల నుండి వెనుకకు తగ్గినవి. మన దేశములో 2008లో ఆచార్య మాధవ మీనన్ సంఘము సమానావకాశ కమిషనును, ఆచార్య అమితాబ్ కుందు సంఘము సంస్థలలోని వైవిధ్యమును కొలుచు సూచికను ప్రతిపాదించినవి. అవి చట్టరూపము దాల్చలేదు. అడగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. ఆ నివేదికలను తిరిగి అడుగవలసిన వంతు మనది.

అయితే ఇంట గెలిచి రచ్చ గెలువవలెను. కంపెనీలను లెక్క అడుగుటకు ముందు మన లెక్క మన వద్ద ఉండవలెను. కాలేజీ కమిటీ పెద్దలకు నా మనవి యిది. ప్రతి సంవత్సరము ఒక రిజిస్టరు వ్రాయింపుడు. కంప్యూటరు కోర్సులలో చేరినవారెందరు, వారిలో బాలికలెందరు, ఉర్దూ, తెలుగు మాధ్యమముల నుండి వచ్చినవారెందరు? ఉద్యోగ పరీక్షకు కూర్చున్నవారెందరు? వ్రాతపరీక్షలో ఆగినవారు, గ్రూప్ డిస్కషన్‌లో ఆగినవారు, ఇంటర్వ్యూలో ఆగినవారు ఎందరెందరు? ఉద్యోగము వచ్చినను చేరనివారెందరు, ఏడాది తిరుగకముందే మానినవారెందరు, ఎందువలన? పేర్లు లేకుండ ఈ అంకెలను ఈ వార్షిక సంచికలో ఒక పేజీగా ఉర్దూలోను, తెలుగులోను అచ్చు వేయింపుడు. వ్రాతపరీక్షలో ఆగినచో గణితము నేర్పవలెను. ఇంటర్వ్యూలో ఆగినచో ఆంగ్ల సంభాషణ నేర్పవలెను. చేరిన పిమ్మట మానినచో బస్సును గూర్చి, హాస్టలును గూర్చి ఆలోచింపవలెను. ఎచట తెగినదో తెలియనిదే ముడి వేయలేము.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో ఉద్యోగము సంపాదించి ఆ అద్దాల మేడలలోనికి పోవువారు రెండు పనులు చేయుడు. సిఫారసు చేయు అవకాశము మీకు లభించిన నాడు మీ వెనుక బెంచీలలో కూర్చున్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అందులో మన మతమువాడా, మన కులమువాడా అని చూడవలదు. మనల నెవ్వరో అట్లు చూచిరనియే గదా మన ఆవేదన! రెండవది, ఆ రిజిస్టరులో మీ స్థితిగతులను ఏటేట తెలియజేయుడు. ఒక్కొక్కరు చూచుటకు ఒక్క గీతయే; పది సంవత్సరముల గీతలు కలసినచో ఏ కంపెనీ ముందైనను, ఏ ప్రభుత్వము ముందైనను పెట్టగలిగిన సాక్ష్యమగును. ఆ రిజిస్టరులోని మొదటి పుట ఈ విద్యా సంవత్సరముననే నిండునని ఆశించుచున్నాను.