మనం చేసుకొనే గోళీలాట

ఆటవస్తువును అంగడిలో కొనవలసిందేనా? అక్కరలేదని నా అభిప్రాయం.

బూట్ల అట్టపెట్టె మూత, ఆరు ఐస్ పుల్లలు, రెండు సీసా మూతలు, పాత శుభలేఖ, మైదా బంక, ఒక గోళీ ఉంటే చాలు. పెట్టె మూతలో పుల్లలను అంచుమీద నిలబెట్టి, ఒకటి ఎడమగోడ నుంచి, మరొకటి కుడిగోడ నుంచి ఏటవాలుగా అంటించాలి. గోళీ దిగేందుకు ప్రతి పుల్ల చివర సందు వదలాలి. అడుగున శుభలేఖ ముక్కలతో గదులు కట్టి అంకెలు వేయాలి. వాటిపైన సీసా మూతలు అడ్డుపెడితే గోళీ ఏ గదిలో పడుతుందో ముందుగా చెప్పలేం. పెట్టె మూతను బల్లమీద పుస్తకాలకు ఆనించి వాలుగా నిలిపితే ఆట సిద్ధం.

మొదట గోళీ మధ్యలో ఆగిపోవచ్చు. చదువు అక్కడే మొదలవుతుంది. వాలు చాలలేదా? సందు ఇరుకైందా? బంక అడ్డుపడిందా? ఒక్కొక్కటే మార్చి చూడాలి. ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో కూడా వాలు చెక్కపై కంచు గుండు దొర్లించి వేగాన్ని పరిశీలించాడు. ఆ విషయం 1638లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు.

ఇదంతా కాలం వృథా అని కొందరు పెద్దలంటారు. కాని కొన్న ఆట విరిగితే మూలపడుతుంది. చేసుకొన్నదాన్ని చేసినవారే బాగుచేసుకోగలరు.

మరొక లాభం కూడా ఉంది. మనకు వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో ఎక్కువగా వినిపిస్తుంది. వాలు, అంచు, సందు వంటి తెలుగు మాటలు పుస్తకంలో చదివినంతమాత్రాన నిలవవు. అక్కాతమ్ముళ్లు పెట్టెచుట్టూ కూర్చుని, "అంచు గట్టిగా పట్టుకోరా, ఇంకాస్త ఎత్తు" అని చెప్పుకొంటే నిలుస్తాయి. కనుక ఖాళీ పెట్టెను పారవేసేముందు ఒక్కసారి ఆలోచించండి.