ట్రాక్టరు హుక్కు – కంపెనీదా, కొలిమిదా?



ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకును ఒక సంగతి తెలియును. బస్తాలు మరీ ముందుకు పేర్చినచో బరువంతయు ఎడ్ల మెడల మీద పడును. మరీ వెనుకకు పేర్చినచో కాడి పైకి లేచి వాని మెడలకు ఉరి పడును. బండిలో ఎంత బరువున్నదనుట ఒక ఎత్తు. ఆ బరువు ఎడ్లకు ఎక్కడ తగులుచున్నదనుట మరొక ఎత్తు. నేడు ఎడ్లకు బదులు ట్రాక్టరు వచ్చినది. కాడికి బదులు హుక్కు వచ్చినది. కాని నాడు కాడి దగ్గర చూపిన జాగ్రత్త నేడు హుక్కు దగ్గర మనము చూపుట లేదు.

కొత్త ట్రాక్టరు ఇంటికి వచ్చిన కొద్ది దినములకే దానిని వెల్డింగు దుకాణమునకు తోలుకొనిపోవువారు ఉన్నారు. పాత ట్రైలరు మెడ ఎత్తుగా ఉన్నదనియో, దాని రింగు కంపెనీ హుక్కులో పట్టదనియో, మలుపులో ట్రైలరు మెడ పెద్ద టైర్లకు తగులుచున్నదనియో చెప్పి, హుక్కును పైకి ఎత్తించి, వెనుకకు పొడిగించి అతికించుకొందురు. కంపెనీ హుక్కు ధర ఎక్కువ, దుకాణము దగ్గర, పని ఒక పూటలో ముగియును. ఇవి తీసివేయదగిన కారణములు కావు. కోతల కాలములో ఒక దినము ట్రాక్టరు నిలిచినచో కలుగు నష్టము రైతుకే తెలియును.

అయినను నా అభిప్రాయమును ముందుగానే చెప్పుచున్నాను. ట్రాక్టరు వైపు హుక్కు కంపెనీ అమర్చిన చోటనే, కంపెనీ అమర్చిన ఎత్తులోనే ఉండవలెను. మార్పు అవసరమైనచో ట్రైలరు మెడను మార్చవలెను గాని ట్రాక్టరును మార్చరాదు.

దీనికి కారణమును లెక్క వేసి చూడుడు. ఒక ట్రాక్టరు బరువు 2000 కిలోలనుకొనుడు. అందులో ముందు చక్రముల మీద 800 కిలోలు నిలుచుననుకొనుడు. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య దూరము 2 మీటర్లు. హుక్కు నేల నుండి 40 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, వెనుక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనుకగా ఉన్నది. బురదలో నిండు ట్రైలరును లాగుటకు 1000 కిలోల లాగుడు కావలసివచ్చినది. రెండు చక్రముల ట్రైలరు కనుక దాని బరువులో 500 కిలోలు హుక్కు మీద వాలినవి. అప్పుడు లాగుడు వలన 200 కిలోలు, వాలిన బరువు వలన 200 కిలోలు, మొత్తము 400 కిలోలు ముందు చక్రముల మీద నుండి తగ్గును. మిగిలినది 400. స్టీరింగు మాట వినును.

అదే హుక్కును 70 సెంటీమీటర్లకు ఎత్తించి, 110 సెంటీమీటర్ల దూరమునకు పొడిగించినచో ఏమగును? లాగుడు వలన 350, వాలిన బరువు వలన 275, మొత్తము 625 కిలోలు తగ్గును. ముందు చక్రముల మీద మిగిలినది 175 కిలోలు మాత్రమే. అట్టి ట్రాక్టరుతో కాలువగట్టు ఎక్కినచో ట్రాక్టరు సొంత బరువు కూడ వెనుకకు మరలి, ఆ 175 ఇంకను తగ్గును. స్టీరింగు తిప్పినను చక్రము నేలను పట్టదు. ఆ సమయమున క్లచ్చి ఒక్కసారిగా వదలినచో ముక్కు పైకి లేచి, ట్రాక్టరు వెనుకకు తిరగబడి డ్రైవరు దాని క్రింద పడును. లేచిన ముక్కును దించుటకు ఆలోచించు వ్యవధి కూడ ఉండదు. ఇవి లెక్క కొరకు తీసికొన్న అంకెలు. మీ ట్రాక్టరు అంకెలు దానితో ఇచ్చిన పుస్తకములో చూచుకొనవచ్చును.

ఇది కొత్తగా కనుగొన్న సంగతి కాదు. 1917లో అమెరికాలో తయారగుట మొదలైన ఫోర్డ్సన్ ట్రాక్టరు నాగలి మొద్దుకు తగిలినప్పుడు వెనుకకు తిరగబడుటకు పేరుపడినది. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ దీనిని గమనించి, పనిముట్టును మూడు చోట్ల తగిలించు పద్ధతిని రూపొందించి 1926లో పేటెంటు పొందెను. అందు పై కడ్డీ ట్రాక్టరును ముందుకు నెట్టి, ముక్కు లేవకుండ కాపాడును. మన రైతులకు బాగుగ తెలిసిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు పేరులోని ఫెర్గూసన్ ఇతడే. ఎంత బలముతో లాగినామనుట కంటె ఎక్కడ తగిలించి లాగినామనుట ముఖ్యమని ఆనాటి నుండియు తెలిసినదే. పై కడ్డీ తగిలించు చోట గొలుసు కట్టి దుంగలను, దిగబడిన బండ్లను లాగుట ఈ కారణము చేతనే ప్రాణాంతకము.

ఇక లోహము సంగతి. ట్రాక్టరు వెనుక ఇరుసు పెట్టె పోత ఇనుముతో చేసినది. పోత ఇనుమునకు మామూలు వెల్డింగు సరిగా పట్టదు. అతుకు పైకి చక్కగా కనబడినను, వేడి తగిలిన అంచున సన్నని పగులు పుట్టి, కుదుపు తగిలిన కొలది పెరుగును. అక్కడ పగులు వచ్చిన పిదప కంపెనీ హామీ గురించి వాదించుటకు మన చేతిలో బలమేమియు ఉండదు. బోల్టుల విషయమును అట్టిదే. కంపెనీ బిగించిన బోల్టు తల మీద 8.8 అనియో 10.9 అనియో అంకెలుండును. అది దాని బలమునకు గుర్తు. దానికి బదులు అంకె లేని బోల్టును బిగించుట, హుక్కు పిన్నుకు బదులు ఇల్లు కట్టగా మిగిలిన ఇనుప చువ్వను దూర్చుట, ఈ రెండును పైసాకు చూచి ప్రాణమును పణము పెట్టుటయే.

దీనిని బట్టి మన కమ్మరి పనితనము తక్కువదని తలంచరాదు. ట్రైలరు మెడ మామూలు ఉక్కు. దానికి వెల్డింగు చక్కగా పట్టును. మెడను వంచి రింగు ఎత్తును ట్రాక్టరు హుక్కుకు సరిపరచుట, మలుపులో టైరుకు తగులకుండ మెడ పొడవును పెంచుట, అరిగిన రింగును మార్చుట, మెడ నుండి ట్రాక్టరుకు రెండు కాపుదల గొలుసులు అమర్చుట – ఇవన్నియు ఆతడు మీ ఎదుటనే చేయగల పనులు. ఆతని నేర్పు అక్కడ వినియోగింపుడు.

కంపెనీ పేరు లేని హుక్కులన్నియు చెడ్డవనియు నేను చెప్పుట లేదు. బజారులో మంచివియు ఉన్నవి. కొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుడు.

1. ఇది ట్రాక్టరుకు కంపెనీ విడిచిన రంధ్రములలోనే, అతుకు లేకుండ, బోల్టులతో బిగియునా?

2. ఎంత బరువును లాగగలదో, ఎంత బరువును మోయగలదో దాని మీద అచ్చు పోసి ఉన్నదా?

3. బిగించిన పిదప హుక్కు ఎత్తు, వెనుకకు దూరము పాత కొలతలను మించకుండ ఉండునా?

4. అమ్మువాడు తన పేరుతో బిల్లు ఇచ్చునా?

నాలుగింటికిని అవునని జవాబు వచ్చినచో కొనవచ్చును. ఒక్కదానికి కాదన్నను, ధర ఎంత తక్కువైనను, వదలివేయుడు. మంచి హుక్కు కూడ మోయదగినంత బరువునే మోయును. బ్రేకులు లేని ట్రైలరును నిండుగా నింపి పల్లమునకు దింపినచో ఏ కంపెనీ హుక్కును మిమ్ము కాపాడలేదు.

గ్రామాధికారులు గమనింపవలసిన విషయములు కొన్ని కలవు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లో నెలకొన్న కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇచ్చుచున్నది. ఆ నివేదిక కంపెనీ పంపిన ట్రాక్టరుకే గాని దుకాణములో మార్చిన ట్రాక్టరుకు చెల్లదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను వివరములకు భేదము వచ్చునట్లు యజమాని వాహనమును మార్చరాదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షలకై కేంద్ర సంస్థ కలదు. గ్రామములోని యువకులైన డ్రైవర్లకు అచ్చటి శిక్షణను గురించి తెలియజేయుట మంచిది.

ట్రైలరు సరకుల బండి. మనుషులను ఎక్కించుటకు చట్టము ఒప్పుకొనదు. అయినను నాట్లకు, కలుపులకు కూలీలను అందులోనే తీసికొనిపోవుచున్నాము. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయిరి. అది హుక్కు వలన జరిగినదని నేను చెప్పుట లేదు. ట్రైలరులో ధాన్యము మాత్రమే ఉండునని తలచి హుక్కు ధరను లెక్కించువారు, దానిలో ఎక్కుచున్న మన ఆడపడుచులను కూడ లెక్కలో చేర్చుకొనవలెనని మాత్రము చెప్పుచున్నాను.

కనుక కోతలు మొదలగుటకు ముందు ఒక దినము ఏర్పరచుకొనుడు. గ్రామములోని ట్రాక్టర్లను, ట్రైలర్లను ఒక చోట నిలిపి టేపుతో హుక్కు ఎత్తును కొలువుడు. పిన్ను అరిగినదా, దానికి అడ్డుచీల ఉన్నదా, బోల్టులు బిగువుగా ఉన్నవా, ఇరుసు పెట్టె మీద అతుకులున్నవా చూడుడు. పైకెత్తించిన హుక్కులను యథాస్థానమునకు దింపించుడు. ఇందుకు పట్టునది ఒక పూట. ఆ పూటను ఖర్చుగా తలపక, పంట ఇల్లు చేరు వరకు, తోలినవాడు క్షేమముగా తిరిగివచ్చు వరకు పెట్టిన పెట్టుబడిగా తలంపుడు.