మార్కోపోలో ఏ పేజీలో అన్నాడు?

విజ్ఞాన సర్వస్వంలో చేర్చదగ్గ వ్యాసం ఒకటి రాసుకురమ్మని కాలేజీలో చెబితే, డిగ్రీ చదివే ఒక అమ్మాయి రామప్ప గుడిని ఎంచుకుంది. ఆ చిత్తుప్రతి మా చేతికి వచ్చేసరికే దాని నిండా ఎర్రసిరా. ఒత్తులు దిద్దారు, దీర్ఘాలు సరిచేశారు, రెండు చోట్ల ‘శైలి బాగాలేదు’ అన్నారు, చివర ‘ఇంకా మెరుగుపరచాలి’ అని రాసి సంతకం పెట్టారు. ఇంత దిద్దుబాటు తర్వాత కూడా ఒక వాక్యం చెక్కుచెదరలేదు. రామప్ప గుడిని చూసిన మార్కోపోలో, దక్షిణాది ఆలయాలనే నక్షత్రాల్లో ఇదే అన్నిటికంటే ఎక్కువగా మెరిసేదని కొనియాడాడట. అందులో అక్షరదోషం లేదు కాబట్టి అక్కడ ఎవరి కలమూ ఆగలేదు.

ఆ మాట అమ్మాయి కల్పించింది కాదు. వార్తాపత్రికల్లో, పర్యాటక కరపత్రాల్లో ఏళ్ళ తరబడి తిరుగుతున్నదే. ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడు పక్కన ఏం రాయాలన్నదే దిద్దేవారికి అసలు పరీక్ష. ‘తప్పు’ అని రాస్తే కొట్టేస్తుంది, ఏమీ నేర్చుకోదు. ‘ఆధారం చూపాలి’ అని వదిలేస్తే ఏదో ఒక పత్రిక పేరు తెచ్చి తగిలిస్తుంది. మేము రాసింది ఇది: “మార్కోపోలో ఈ మాట తన పుస్తకంలో ఏ పేజీలో అన్నాడో వెతికి చూడమ్మా. తెలుగు నేల గురించి అతను రాసింది కొంచెమే, ఒక్క పూటలో చదివేయొచ్చు.”

చదివింది. ఆ పుస్తకంలో ‘ముత్ఫిలి’ అనే రాజ్యం ఉంది. పండితులు దాన్ని మోటుపల్లి రేవుతో గుర్తించారు. భర్త పోయాక రాజ్యాన్ని న్యాయంగా ఏలుతున్న రాణి ఉంది, ఆమె రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెచ్చే కథ ఉంది. సాలెగూడులా పలచగా నేసిన బట్టల ప్రశంస ఉంది. గుడి మాత్రం లేదు. ఒక వాక్యం పోయింది కానీ, దాని బదులు ఆ అమ్మాయికి పదమూడో శతాబ్దపు తెలుగు తీరం దొరికింది. మేమే ఆ వాక్యం కొట్టేసి ఇచ్చి ఉంటే ఇదంతా ఆమెకు దక్కేది కాదు.

కాలం గురించిన పేరా ఇంకాస్త చిక్కు. గుడి 1213లో ‘పూర్తయింది’ అని ఒక చోట, ‘40 ఏళ్ళు కట్టారు’ అని మరో చోట రాసింది. యునెస్కో 2021లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇచ్చిన వివరణలో, పని 1213లో మొదలై 40 ఏళ్ళు సాగిందని భావిస్తున్నట్టు ఉంది. గుడి ఉన్న పాలంపేటలోని శాసనం తేదీ శక సంవత్సరం 1135, అంటే 1213. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి ఊళ్ళు దానమిచ్చాడని అది చెబుతుంది. 1213 మొదలా, ప్రతిష్ఠా? ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమని చెప్పకూడదు. ఎవరు ఏమన్నారో పక్కపక్కన పెట్టమనాలి. గుడి మీది శిల్పాలను జాయపసేనాని నాట్యగ్రంథం ‘నృత్తరత్నావళి’ చూసి చెక్కారన్న వాక్యం కూడా దీనితోనే తేలాలి. ఆ గ్రంథం 1250ల నాటిది. అందుకే ఆ వాక్యం పక్కన “ఏది ముందు?” అని మాత్రం రాశాం.

ఆ చిత్తుప్రతిలో నిజంగా మంచి పేరా ఒకటుంది, దాని పక్కన ఎర్రసిరా ఒక్క మాటా చెప్పలేదు. గుడి బయట చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికల్లో (స్త్రీమూర్తుల్లో) ఒకామె ఎత్తు మడమ చెప్పులు తొడుక్కుని ఉంటుంది. అమ్మాయి కింద నిలబడి, మెడ ఎత్తి, ఆ పాదం ఎలా వంగిందో, నడుము ఎటు తిరిగిందో చూసి రాసింది. ‘అద్భుతమైన’, ‘అపురూపమైన’ అన్న మాటలు ఆ పేరాలో ఒక్కటీ లేవు, వాటి అవసరమూ లేదు. ఈ సంగతి ఆమెకు విడమరిచి చెప్పాలి. ‘బాగుంది’ అంటే చాలదు, ఎందుకు బాగుందో చెబితేనే రెండోసారి అలా రాయగలదు. అయితే పేరా చివర, కాకతీయుల కాలంలో స్త్రీలంతా అలాంటి చెప్పులే వేసుకునేవారని తేల్చేసింది. చూసింది ఉంచమన్నాం, తేల్చింది తీసేయమన్నాం. అంత మాట అనాలంటే ఆ విషయాన్ని పరిశోధించినవారెవరైనా అని ఉండాలి. సొంత వ్యాసంలో ఊహించవచ్చు, విజ్ఞాన సర్వస్వంలో కుదరదు. ఈ తేడా మన తరగతి గదుల్లో ఎవరూ చెప్పడం లేదు.

కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నప్పుడు చాలా వ్యాసాలు తానే రాసుకోవలసి వచ్చింది. 1923లో, 46 ఏళ్ళకే ఆయన కన్నుమూసే నాటికి ‘అ’ అక్షరం దాటలేదు. ఒక్క మనిషి, ఎంతటి పండితుడైనా, మోయగల బరువు కాదది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇవాళ ఎవరైనా రాయవచ్చు, తలుపు తెరిచే ఉంది. రాయడం వచ్చినవాళ్ళు కావాలి. వాళ్ళు ఇలాంటి చిత్తుప్రతుల దగ్గరే తయారవుతారు. అందుకే, పిల్లల వ్యాసాన్ని తిరగరాసి ఇచ్చే అధ్యాపకుల మీద మాకు గౌరవం ఉన్నా, ఆ పద్ధతి మీద లేదు. వాళ్ళు తిరగరాసిన వ్యాసం బాగుంటుంది, పిల్లకి మాత్రం రాయడం రాదు.

ఆధారం అడిగినవారు అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. జిల్లా కేంద్రంలోని కాలేజీ గ్రంథాలయంలో శాసన సంపుటాలు ఉంటాయని అనుకోవడం అన్యాయం.

రెండో ప్రతి మొన్న వచ్చింది. మార్కోపోలో లేడు. తేదీల దగ్గర శాసనమూ యునెస్కో వివరణా పక్కపక్కన ఉన్నాయి. గుడికి ఆ పేరు రామప్ప అనే శిల్పి వల్ల వచ్చిందన్న చోట ‘అని స్థానికంగా చెప్పుకుంటారు’ అని చేరింది. శాసనంలో ఆ పేరు ఉందో లేదో తనే చూస్తానంటోంది. ఎల్.డి. బార్నెట్ పరిష్కరించిన పాలంపేట శాసన పాఠం హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్‌లో అచ్చయింది. దాని ప్రతి ఆమెకు పంపుతున్నాం.