పిల్లల గదిలో దాచిన పటం

పాణ్యంలోని మా ఇంటి గోడలు నాపరాళ్ళవి. మేకు దిగదు. అందుకే మా అమ్మ అంబేడ్కర్ పటాన్ని గుమ్మంపైని కొయ్యకు దారంతో కట్టి వేలాడదీసింది. వీధిన పోయేవారికి మొదట కనిపించేది అదే.

నేను ఉద్యోగం చేసే నగరంలో మాత్రం అలాంటి పటమే మా అమ్మాయి పడకగదిలో, మంచం పక్కన ఉంది. పిల్ల రోజూ చూసి స్ఫూర్తి పొందాలని అక్కడ పెట్టానని మిత్రులకు చెప్పేవాణ్ణి. అది సగం నిజం. అద్దె కోసం వచ్చే ఇంటి యజమాని కూర్చునేది ముందుగదిలో. అంతకుముందు చూసిన రెండిళ్ళలో ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పగానే ఖాళీగా ఉన్న ఇల్లు ఖాళీ లేకుండా పోయింది. మూడో ఇంట్లో ఎవరూ అడగలేదు. నా గోడ కూడా చెప్పకుండా చూసుకున్నాను.

ఈ వేసవిలో పాణ్యం వెళ్ళినప్పుడు తొమ్మిదేళ్ళ మా అమ్మాయి గుమ్మం కింద నిలబడి అడిగింది: ‘‘నాన్నా, అవ్వ ఇంట్లో ఈయన బయటే ఉంటాడు. మనింట్లో నా గదిలోనే ఎందుకుంటాడు?’’

పిల్లల గదిలోకి రాజకీయాలను తేరాదని హితవు చెప్పే విద్యావంతులున్నారు. వారి పిల్లల గదుల్లో వెన్నముద్దల కృష్ణుడుంటాడు, వీణ పట్టిన సరస్వతి ఉంటుంది. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పాక అచ్చు దేవతలు ఇంటింటి గోడలెక్కారు. ఏ మేనిరంగు, ఏ నగ దైవత్వానికి తగినవో పసికళ్ళకు నేర్పింది ఆ బొమ్మలే. దాన్ని రాజకీయమని ఎవరూ అనరు, అలంకరణ అంటారు. దక్కలివారు జాంబపురాణం చెబుతూ మాదిగవాడలో విప్పే పటంలో మా ఆదిపురుషుడు భూమికన్నా ముందు పుట్టినవాడు. ఆ బొమ్మను క్యాలెండరుగా అచ్చువేసి పంచినవారిని నేను చూడలేదు.

అయితే ఆ హితవులో ఒక్క ముక్క ఒప్పుకుంటాను. పిల్ల గది పిల్లది. ఆ మేకు నేను ఆమెను అడగకుండా కొట్టాను. అది కూడా ఆమె కోసం కాదు, నా భయం కోసం.

విజయవాడలో 2024 జనవరిలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. సంతోషమే. కానీ అదే రాష్ట్రంలో అద్దె ఇంటి ముందుగదిలో అడుగున్నర పటం పెట్టడానికి ఒక ఆచార్యుడు జంకుతున్నాడంటే, ఆ ఎత్తును దేనితో కొలవాలి? 1917లో లండన్ నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థాన కొలువులో చేరిన అంబేడ్కర్‌కు అక్కడ ఇల్లు దొరకలేదు. పార్సీ పేరుతో ఒక వసతిగృహంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చినవారు వెళ్ళగొట్టారు. ఈ ఘట్టాన్ని తరగతిలో ఎన్నోసార్లు బోధించాను. బోధించి ఇంటికొచ్చి, పేరు దాచుకోవలసి వచ్చిన ఆ మనిషి పటాన్నే లోపలిగదిలో దాచాను.

ఇదంతా పిల్లకు చెప్పక తప్పలేదు. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. బడిలో తనను కూడా ఆ ప్రశ్న అడిగారట. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.

నగరానికి తిరిగొచ్చాక పటాన్ని ముందుగదిలోకి మార్చాం. ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో ఆమెనే ఎంచుకోమన్నాను. దుకాణంలో చూసినవేవీ నచ్చలేదు. తనే ఒక బొమ్మ గీసి, తన కంటి ఎత్తున, కాస్త వంకరగా టేపుతో అంటించింది. నాపరాతి గోడలు, గుమ్మంలో అవ్వ, పైన దారానికి వేలాడుతున్న నీలికోటు మనిషి.

యజమాని ఒకటో తారీఖున వస్తాడు.