డిస్కు అరిగిందా? సూదికి తొందరపడకండి

నడుము నొప్పికి ఎక్కువా తక్కువా లేదు. మా భీమునిపట్నం ఆస్పత్రికి ఆ బాధతో ఒడ్డున పడవ లాగే జాలరి వస్తాడు, బీచ్ రోడ్డులో ఆటో నడిపే కుర్రాడు వస్తాడు, స్టీలు ప్లాంటులో రిటైరయిన పెద్దాయనా వస్తాడు. ఈమధ్య చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "స్టెమ్ సెల్స్ సూది వేస్తే అరిగిన డిస్కు మళ్ళీ పెరుగుతుందటగా? బంగారం తాకట్టు పెట్టయినా వేయించుకోమంటారా?"

వద్దంటాను. ఎందుకో వినండి.

వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండేవే డిస్కులు. ఇవి మొత్తం 23. తాటికాయలో ముంజెలా మధ్యన నీరు నిండిన గుజ్జు, చుట్టూ పొరలు పొరలుగా గట్టి నార ఉంటాయి. వయసు పైబడేకొద్దీ గుజ్జులో నీరు తగ్గి మెత్త పలచబడుతుంది. నార చిట్లి గుజ్జు బయటికి ఉబికితే పక్కనున్న నరం ఒరుసుకుని కాలిలోకి నొప్పి పాకుతుంది.

చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. మరి డిస్కు? పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచి మెల్లగా ఊరివచ్చే పోషకాలతోనే లోపలి కణాలు బతకాలి. కోయంబత్తూరు గంగా ఆస్పత్రి సర్జన్ డాక్టర్ రాజశేఖరన్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని స్కానింగు ద్వారా చూపించింది. రక్తంలోకి ఎక్కించిన మందు ఎముకకు నిమిషాల్లో చేరినా, డిస్కు నడిమికి చేరడానికి గంటలు పట్టింది.

"హైదరాబాదులో కంటికి పనిచేసిందిగా!" అంటారు. నిజమే. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి కంటి అంచులోని మూలకణాలను పెంచి, రసాయనాలు పడి కాలిన కళ్ళకు అతికించి ఎందరికో చూపు తెప్పించారు. కాని కన్ను పైకి కనిపించేది, కన్నీటితో తడిసేది. డిస్కు లోపల పోషణ తక్కువ, ఆమ్లం ఎక్కువ, పైన ఒళ్ళంతటి బరువు. అక్కడ నాటిన కణాలు బతికి బట్టకట్టడమే కష్టం.

పరిశోధన మాత్రం ఆగలేదు. ఎముక మూలుగలోని మూలకణాలు, కణాలను పెంచే ప్రోటీన్లు, రోగి రక్తంలోనివే ప్లేట్‌లెట్లు – అన్నీ ప్రయత్నిస్తున్నారు. మూలకణాల సూదిని 404 మందిపై పరీక్షించిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. నొప్పి కొంత తగ్గినట్టు కనిపించినా, ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అందుకే 2024లో మరో పరీక్ష మొదలుపెట్టారు. మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం డిస్కుకు మూలకణాలను పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి. అలా చేరినవారి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు. డబ్బు కట్టమన్నారంటే అనుమానించండి.

స్కానింగు రిపోర్టులో "అరుగుదల" అని ఉందని బెంగపడకండి. ఏ నొప్పీ లేనివారి స్కానింగులను సమీక్షించి 2015లో లెక్క తేల్చారు. ఇరవై ఏళ్ళవారిలోనే నూటికి 37 మందికి, ఎనభై ఏళ్ళవారిలో 96 మందికి అరుగుదల కనిపించింది. అది తల నెరవడం లాంటిది. ఉబికిన గుజ్జును కూడా చాలామందిలో ఒంట్లోని రక్షణ కణాలే కొన్ని నెలల్లో కరిగించేస్తాయి. ఆపరేషను అవసరమయ్యేది కొద్దిమందికే.

కనుక నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి, చాలు. తరవాత మెల్లగా నడవండి. బరువెత్తేటప్పుడు నడుము కాకుండా మోకాళ్ళు వంచండి. గంటల తరబడి కూర్చోకండి. పొగతాగడం మానండి, అది డిస్కుకు అందే కాస్త పోషణనూ తగ్గిస్తుంది. నడుముకు బలాన్నిచ్చే వ్యాయామాలు డాక్టరు దగ్గర నేర్చుకుని రోజూ చేయండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు. మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఆ పూటే పెద్దాస్పత్రికి వెళ్ళండి. నొప్పితో పాటు సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. దానికి ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు ఉచితం.

బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.